వ్యాను తలుపు మీద చాక్‌పీసు రాత

నేను నడిపిన రకం వ్యానులో ఇంజను ముందు సీటు కిందే ఉంటుంది. డ్రైవరు పక్కన కూర్చున్నవాడు ఇంజను మీద కూర్చున్నట్టే లెక్క. ఇంజనుకు జ్వరమొస్తే ముందుగా తెలిసేది పక్కవాడి తొడలకు. మా వ్యానులో ఆ సీటు మా పక్కింటి కాకది. సీటు కాలుతున్నదని ఆయన నాకు రెండుసార్లు చెప్పాడు, నేను వినలేదు. జరిగింది ఇంతే. కాని ఇంతటితో ఆపితే నేను సులువుగా తప్పించుకున్నట్టు అవుతుంది. అందుకే మొత్తం చెబుతాను.

నేను బొగ్గుబాయిలో సర్దార్‌గా చేశాను. మా పని తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. షిఫ్టు మొదలయ్యాక అందరికంటే ముందు పని జరిగే చోటికి పోయి, పైకప్పు గట్టిగా ఉందో లేదో చూసేవాడు సర్దార్. చేతిలో కట్టె ఉంటుంది. దాంతో కప్పును కొట్టి వింటాం. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగితే పైన పగులు ఉన్నట్టు, ఆ కింద ఎవర్నీ నిలబడనివ్వం. అంతా బాగుంటే పక్క గోడ మీద చాక్‌పీసుతో ఆ రోజు తేదీ వేసి, కింద పొట్టి సంతకం చేస్తాం. ఆ రాత కనబడితేనే మనుషులు పనిలో దిగుతారు. కనబడకపోతే బొగ్గెత్తే తట్టా, చెమ్మస్ అనే పారా పక్కన పెట్టి కూర్చుంటారు, మేనేజరు వచ్చి అరిచినా లేవరు.

ఆ వినడం నాకు నేర్పింది కాకే. ఆయన మా నాయినతో కలిసి బొగ్గెత్తినవాడు. రక్తసంబంధం ఏమీ లేదు, గోదావరిఖని క్వార్టర్లలో మా పక్కిల్లు, అంతే. నేను మొదటిసారి బాయి దిగిన రోజు నా భుజం పట్టుకుని చీకట్లో నిలబెట్టి, "కండ్లు మూసుకోరా. కప్పు మాట్లాడుతది, విను," అన్నాడు. తరువాత నేను పరీక్ష పాసై సర్దార్‌నయ్యాను, ఆయన తట్ట మోస్తూనే ఉండిపోయాడు. పాఠం చెప్పిన మనిషి నా సంతకం చూసి పనిలో దిగేవాడు. అది నాకు లోలోపల గర్వంగా ఉండేది. ఇప్పుడు సిగ్గుగా ఉంది కాని, అప్పుడు గర్వమే.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు మేమున్న బాయి మూతపడింది. మమ్మల్ని గోదావరి అవతల, మంచిర్యాల దిక్కు బాయికి బదిలీ చేశారు. ఇల్లు ఇటు, డ్యూటీ అటు. అప్పుడే నేను ఒక పాత వ్యాను కొన్నాను. తెల్లరంగు అని కాగితం మీద ఉండేది, బండి మీద లేదు. జారుడు తలుపు సగం దాకా వచ్చి మొండికేసేది, మోకాలితో పొడిస్తే మిగతా సగం జరిగేది. కాకతో కలిపి మా లైనువాళ్లం ఆరుగురం అందులోనే డ్యూటీకి పోయేవాళ్లం.

మొదటి రోజు నవ్వులాటకు జేబులోంచి చాక్‌పీసు తీసి, ఆ జారుడు తలుపు మీద తేదీ వేసి సంతకం పెట్టాను. కాక చదివి, అందరి దిక్కు తిరిగి, "సర్దార్ రాసిండు, ఇగ ఎక్కుండ్రి," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. మరునాడు నేను మరిచిపోతే ఒక్కడూ ఎక్కలేదు. "రాత ఏది సర్దార్? రాత లేనిదే మేమెట్ల దిగుతం?" అని చేతులు కట్టుకుని నిలబడ్డారు. అప్పటినుంచి అది మా ఆనవాయితీ. టైర్లను కాలితో తన్ని, సీటు లేపి నూనె చూసి, నీళ్లు చూసి, తలుపు మీద రాసేవాణ్ణి. మొదట్లో నిజంగానే చూసేవాణ్ణి. ఏళ్లు గడిచేకొద్దీ రాయడం మిగిలింది, చూడడం తగ్గింది.

కాకకు అప్పటికే ఆయాసం. ఇంటి ముందు మూడు మెట్లెక్కితే నాలుగో ఊపిరికి తడుముకునేవాడు. తక్కిన ఊళ్లలో తండ్రి ఆరోగ్యం బాగుండాలని మొక్కుకుంటారు కదా, మా కాలనీల్లో మాత్రం ఇంట్లో అందరూ ఆయన అన్‌ఫిట్ కావాలని మొక్కుకునేవారు. నవ్వకండి. మెడికల్ బోర్డు ముందు నిలబడి, ఇక బాయి పనికి పనికిరాడని రాయించుకుంటే ఆ కొలువు కొడుక్కి వచ్చేది. దానికీ ఒక గడువుంది. రిటైరై దిగిపోవడానికి రెండేళ్లకు తక్కువ ఉంటే ఎంత ఆయాసమున్నా లాభం లేదు. కాక గడువు ముగియడానికి పది రోజుల ముందు బోర్డు నుంచి పిలుపొచ్చింది. బోర్డు కూర్చునేది భూపాలపల్లి కూడా దాటి పోవాల్సిన ఊళ్లో, కంపెనీ పెద్ద దవాఖానలో. అది ఆఖరి పిలుపు. మళ్లీ బోర్డు కూర్చునే నాటికి గడువు దాటిపోతుంది.

కాకకు ఒక్కడే కొడుకు. ఐటీఐ చదివి మూడేళ్లుగా ఆ పిలుపు కోసమే కూర్చున్నాడు. పెళ్లి సంబంధాలు వచ్చేవి, పిల్లవైపువాళ్లు "కొలువు పడ్డంక చూద్దాం" అని పోయేవారు. ఆ ఇంట్లో ప్రతి మాటా ఆ బోర్డు దగ్గరికే పోయి ఆగేది.

ఇక వ్యాను సంగతి. ఆ పిలుపు రావడానికి నెల ముందునుంచే దానికి బాగాలేదు. నాకు తెలుసు. ఎట్లా తెలుసంటే, పొద్దున చూస్తే రేడియేటర్‌లో నీళ్లు తగ్గి ఉండేవి. కింద చుక్క కారిన గుర్తు లేదు. స్టార్టు చేస్తే వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ, అదీ చలికాలం కాని రోజుల్లో. నూనె పోసే మూత తిప్పితే లోపల ముద్దగా చాయ్ మీది మీగడలాంటి నురగ. వేడి చూపించే ముల్లు నేను కొన్ననాటినుంచే చచ్చిపడి ఉంది. బాయిలో ఇన్ని గుర్తులు కనబడితే ఆ దారి మొత్తం మూసేసి ఎర్రజెండా కట్టేవాణ్ణి. ఇక్కడ పొద్దున్నే లేచి, ఎవరూ చూడకముందే నల్లా దగ్గర డబ్బా నింపి నీళ్లు పోసి, తలుపు మీద సంతకం పెట్టేవాణ్ణి.

చౌరస్తా దగ్గర షెడ్డులో మెకానిక్ ఉండేవాడు, అందరం భాయ్ అనేవాళ్లం. ఒక ఆదివారం తీసుకుపోయి చూపించాను. ఆయన మూత తీసి వేలితో ఆ నురగ తుడిచి, నా ముక్కు ముందు పెట్టాడు.

"సర్దార్ సాబ్, గ్యాస్కెట్ పోయింది. నీళ్లు ఇంజన్ల కలుస్తున్నయి. ఇంజను హెడ్డు దించాలె. నాలుగు రోజులు బండి ఈడనే ఇడిసిపెట్టు."

"నాలుగు రోజులా? డ్యూటీకి ఎట్ల పోవాలె భాయ్?"

"బస్సుల పో. దూరం మాత్రం అస్సలు తియ్యకు. ఉడికిందనుకో, హెడ్డు వంకరపోతది, ఇంజను ఖతం."

చూద్దాంలే అని వచ్చేశాను. ఎందుకు వచ్చేశానో నిజం చెప్పమంటే, డబ్బు గురించి కాదు. నాలుగు రోజులు బండి లేకపోతే ఆ ఐదుగురూ బస్‌స్టాండులో నన్ను చూసి నవ్వుతారు. సర్దార్ బండి కూడా పండుకున్నదా అంటారు. ఆ మాట పడడం నాకు ఇష్టం లేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, అది మా ఇంట్లోవాళ్లకు బాగా తెలిసిన గుణం.

ఆ వారంలోనే కాక మొదటిసారి చెప్పాడు. "బిడ్డా, సీటు కాలుతున్నది. జర చూడు." నేను చూడలేదు. మరునాడు గోనెసంచి నాలుగు మడతలేసి ఆయన సీటు మీద పరిచాను. "మస్తు మెత్తగైంది," అన్నాడు. ఆయన సంతోషపడ్డాడు. ఛీ, ఆ గోనెసంచి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

పిలుపు కాగితం వచ్చినప్పుడు కాక అడిగిన మాట ఒక్కటే. "ముందు రోజు బస్సుకు పోయి ఆడ దవాఖాన కాడ పండుకుంటం, పొద్దున బోర్డుకు పోతం. సరేనా బిడ్డా?" నేను ఒప్పుకోలేదు. ఆయాసం మనిషి, రెండు బస్సులు మారాలి, తెలియని ఊళ్లో దవాఖాన వరండాలో పడుకోవాలి. "వ్యాను ఉండంగ బస్సెందుకు కాక? తెల్లారి మొదటి షిఫ్టు సైరన్‌కు కదిలితే టైముకు బోర్డు ముంగట దించుత. ఫికర్ జెయ్యకు," అన్నాను. మంచితనంతో అన్నాననే అనుకున్నాను. ఆ మంచితనంలో సగం నా బండి గొప్ప. భాయ్ చెప్పిన మాట అప్పుడు గుర్తురాలేదా అంటే, వచ్చింది. నెలనుంచి నీళ్లు పోస్తుంటే నడుస్తున్నది కదా, ఈ ఒక్కసారి నడవదా అనుకున్నాను. మొక్కు లాంటి లెక్క.

ఆ తెల్లవారు సైరన్ మోగేసరికి అందరం బయట ఉన్నాం. కాక ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. కొడుకు ఎక్స్‌రేలు, కాగితాలు ఉన్న సంచిని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. చిన్నమ్మ, అంటే కాక భార్య, నిండు బిందెతో ఎదురొచ్చింది. శకునం మంచిదని అందరూ అన్నారు. నేను అంతకుముందే రెండు డబ్బాల నీళ్లు వెనక సీటు కింద పెట్టి పైన తువ్వాల కప్పాను. జేబులోంచి చాక్‌పీసు తీశాను. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. కాక పక్కనే నిలబడి చూస్తున్నాడు. రాశాను. ఆయన ఆ రాత దిక్కు చూసి, తల ఊపి, ఎక్కాడు.

మంథని దాటేదాకా బండి బాగానే పోయింది. మంథని దాటాక రోడ్డు అడవిలో పడింది. ఎత్తు ఎక్కినప్పుడల్లా కింద టకటకమని ఒక చప్పుడు మొదలైంది. కాకకు వినబడింది, ఆయన చెవి అటువంటిది. నా దిక్కు తిరిగి అన్నాడు, "సర్దార్, గోనె మీదికెళ్లి గూడ కాలుతున్నది."

అది రెండోసారి. అప్పుడు ఆపి ఉంటే, చల్లారనిచ్చి మెల్లగా వెనక్కి మంథనికి పోయి ఉంటే, అక్కడ బస్సు దొరికేది. టైము కూడా ఉండింది. నేను ఏమన్నానో తెలుసా? "బాయిల ఇంతకన్న ఉడుకు చూడలేదా కాక?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. బాయి పని చేసినవాణ్ణి ఆ మాట అంటే ఇక నోరెత్తడు. ఉడుకని, చెమటని, భయమని అనడం అక్కడ తక్కువతనం. కాక చొక్కా కొసలు తొడల కింద సర్దుకుని రోడ్డు దిక్కు చూస్తూ కూర్చున్నాడు. ఆ మనిషి నోరు ఏ మాటతో మూయించవచ్చో నాకు తెలుసు కాబట్టే మూయించాను.

కాటారం దాటిన కొద్దిసేపటికి మాడు వాసన వచ్చింది. తరువాత సీటు అంచుల్లోంచి ఆవిరి. బండి మూడు దూకులు దూకి ఆగింది. కాకను దించి సీటు లేపాను, ముఖం మీదికి వేడి కొట్టింది. చల్లారేదాకా ఆగలేదు. తువ్వాల తీసి డబ్బాల నీళ్లు రెండూ వరసగా పోసేశాను. కాలుతున్న ఇంజను మీద చన్నీళ్లు పోయగూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. లోపల ఠప్పుమని ఒక చప్పుడైంది. పెద్దది కాదు. ఆ తరువాత తాళం ఎంత తిప్పినా కిర్రుమనలేదు.

చుట్టూ టేకు చెట్లు. బస్సు లేదు. కొడుకు రోడ్డు మధ్యలో నిలబడి ప్రతి బండికీ చేతులూపాడు. చివరకు ఒక బొగ్గు లారీ ఆగింది. క్యాబిన్ ఎత్తు. కాక రెండుసార్లు కాలు వేసి, ఊపిరి అందక దిగాడు. మూడోసారి కొడుకు కింది నుంచి, క్లీనర్ పైనుంచి పట్టి ఎక్కించారు. నేను బండి దగ్గర ఉంటానన్నాను. ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నాను. నిజానికి ఆ లారీలో ఆయన పక్కన కూర్చునే ముఖం నాకు లేదు. కొడుకు కిటికీలోంచి, "టైముకు పోతమా అన్నా?" అని అరిచాడు. పోతరు పోతరు అన్నాను.

లారీ పోయాక తలుపు దిక్కు చూస్తే ఆ రోజు తేదీ, నా సంతకం. ఉమ్ముతో తడిపి, చొక్కా చేతితో తుడిచేశాను.

వాళ్లు భూపాలపల్లిలో బస్సు పట్టుకుని, దారిలో ఇంకోటి మారి, చేరేసరికి బోర్డు లేచిపోయింది. కాక పేరు ఎదురుగా గైరుహాజరు అని పడింది. ఆ తరువాత యూనియన్ ఆఫీసుకు తిరిగాం, దరఖాస్తులు రాశాం. నేనే రాశాను, అక్షరాలు బాగుంటాయని. వెళ్లిన ప్రతిచోటా జాలిపడ్డారు, గడువు మాత్రం ఎవరికోసం ఆగలేదు.

కాలనీలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. "పాపం, మంచికి పోతే చెడెదురైంది," అన్నారు నన్ను చూసి. చిన్నమ్మ మాత్రం భాయ్‌ని తిట్టింది. మొన్ననే గద బండి షెడ్డుకు తీస్కపోయింది, వాడే సక్కగ చెయ్యలేదు, వాని చేతులు పడిపోను అని వీధి వినేలా తిట్టింది. నేను అరుగు మీద కూర్చుని అదంతా విన్నాను. ఒక్క మాట చెబితే చాలు, ఆ మనిషి మీది నింద పోయేది. చెప్పలేదు.

బండిని లాక్కొచ్చి మళ్లీ ఆ షెడ్డులోనే వేశాను. భాయ్ హెడ్డు దించి చూపించాడు, వంకరపోయి, ఒక మూల వెంట్రుకంత చీలిక. కాలిన గ్యాస్కెట్ నా చేతిలో పెట్టాడు. "నేను ముందుగాల్నే చెప్పిన గద సాబ్. మీ ఇంటి పక్కామె నన్ను తిడుతున్నదట. మీరు చెప్పలేదా?" అన్నాడు. చెబుతానన్నాను. ఆయన ఎనిమిది రోజులు కష్టపడి ఇంజను బాగుచేశాడు, ఆ తరువాత ఆ బండి ఎన్నడూ ఆగలేదు. నేను చెప్పనూ లేదు. ఆ గ్యాస్కెట్ ఇప్పటికీ మా బీరువాలో బట్టల కింద ఉంది. మా ఆవిడ పారెయ్యమంటుంది.

కాక మిగిలిన రెండేళ్లూ అదే ఆయాసంతో తట్ట మోశాడు. అదే వ్యానులో, అదే సీటులో. నేను తలుపు మీద రాయడం మానేశాను. ఎవరూ అడగలేదు. అందరూ కూడబలుక్కున్నట్టు రాత లేకుండానే ఎక్కేవారు. కొడుకు జైపూర్ దిక్కు కొత్తగా కడుతున్న ప్లాంటులో కాంట్రాక్టరు కింద సిమెంటు పనికి కుదిరాడు. సైకిలు మీద గోదావరి వంతెన దాటి పోయేవాడు. మేం వ్యానులో పక్కనుంచి పోతుంటే చెయ్యెత్తేవాడు. నేను హారన్ కొట్టేవాణ్ణి. ఇంకేం చెయ్యగలను?

రాష్ట్రం రావడానికి ముందు ఏడాది కాక దిగిపోయాడు. ఆఖరి డ్యూటీ రోజు మా బాయిల దగ్గర ఒక పద్ధతుంది. దండలు వేసి, డప్పులతో ఇంటిదాకా తోలుకొస్తారు. తోటివాళ్లంతా డప్పులతో ట్రాలీ ఆటోలో ముందు పోతున్నారు, వెనక వ్యానులో నేనూ కాకా ఇద్దరమే. మెడలో బంతిపూల దండలు గడ్డం దాకా ఉన్నాయి. వంతెన మీదికి వచ్చాక ఇక ఆగలేకపోయాను.

"కాకా, ఒక మాట చెప్పాలె. ఆ రోజు బండి ఖరాబున్నదని నాకు ముందే ఎరుక. భాయ్ చెప్పిండు. నేను దాచిపెట్టిన."

ఆయన దండ కొంచెం కిందికి లాక్కున్నాడు. "నాకెరుకే," అన్నాడు.

"ఎట్ల ఎరుక?"

"పక్కింట్ల ఉంట గదరా. నెల రోజులు నువ్వు దొంగలెక్క డబ్బ పట్టుకొని నీళ్లు పోస్తుంటివి. ఆయాసపోనికి నిద్రెక్కడిది? కిటికీలకెళ్లి చూస్తనే ఉన్న."

"మరి ఎందుకెక్కినవు కాకా? బస్సుకే పోకపోతివా?"

ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆ పొద్దున నిన్నే చూస్తున్న. బండి బాగలేకుంటే ఇయ్యాల రాయడు అనుకున్న. నువ్వు రాసినవు. ఇన్నేండ్లు ఆ రాత కిందనే పని చేస్తిని బిడ్డా. సర్దార్ రాసినంక మళ్ల అడుగుతరా?"

క్షమించమని అడగాలి కదా, అదీ అడగలేదు. ముందు డప్పులు మోగుతున్నాయి, కింద గోదావరిలో నీళ్లు లేవు, ఇసుకే. కాకే మళ్లీ అన్నాడు, "పిలగానికి నేను చెప్పలేదు. చెప్పుడు నీ పని."

లైనులోకి మలుపు తిరిగేసరికి చిన్నమ్మ హారతి పళ్లెంతో వాకిట్లో ఉంది. కొడుకు పరుగెత్తుకొచ్చి తలుపు తీసి, తండ్రిని మెల్లగా దించాడు. తరువాత నా దిక్కు వచ్చి నా చేతులు రెండూ పట్టుకున్నాడు. సిమెంటు పనికి అరచేతులు గరుకుదేలి ఉన్నాయి.

"ఇన్నేండ్లు నాయినను పైలంగ తీస్కపోయి పైలంగ తెచ్చినవు అన్నా. నీ మేలు మరువం," అన్నాడు.

మెట్టు మీద కాక ఆగాడు. దండల్లోంచి తల తిప్పి నా దిక్కే చూశాడు. నేను "దాందేముంది తమ్మీ" అని చేతులు విడిపించుకుని, బండి తాళం తీసుకుని మా ఇంట్లోకి పోయాను.